నెత్తురాడే మూల

"మళ్ళీ సూదేనేటి బాబూ? రెండుపాలి గుచ్చేసినారు. ఏటీ తేల్నేదు కదా."

బల్ల మీద పడుకున్న ఆవిడకు అరవై దాటి ఉంటాయి. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం నుంచి తెల్లారగట్ల రైలెక్కి విశాఖపట్నం వచ్చింది. కుడి దవడ కింద నిమ్మకాయంత గడ్డ. చేతిలోని ప్లాస్టిక్ సంచిలో రెండు ఎఫ్ఎన్ఏసీ రిపోర్టులు, అంటే సన్నటి సూదితో కణాలు లాగి చూసిన పరీక్షలవి. రెండింటిలోనూ ఒకటే సంగతి: చచ్చిన కణజాలం తప్ప చూడదగ్గ కణాలు లేవు, టీబీ కావచ్చు, రోగిని చూసి నిర్ణయించుకోండి. ఆ చివరి ముక్క మేం డాక్టర్లం ఒకరి నెత్తిన ఇంకొకరం పెట్టే మూట. మూడో కాగితం రక్తపరీక్షది. క్రియాటినిన్ మూడు దాటింది, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. అయోడిన్ మందు ఎక్కించి సీటీ తీద్దామంటే కిడ్నీ డాక్టరు ఒప్పుకోరు. ఉద్దానం నుంచి వచ్చిన మనిషి సంచిలో ఈ మూడో కాగితం లేకపోతేనే నాకు ఆశ్చర్యం.

నోరు తెరవమని టార్చి వేసి చూశాను. అంగిలి తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. పుండేమీ కనబడలేదు.

"అడ్డపొగ తాగుతావా అమ్మా?"

"మా అమ్మ కాడినుంచీ అదే కదా బాబూ."

తెలియనివాళ్ళ కోసం: అడ్డపొగ అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, తరతరాలుగా ఉన్న అలవాటు. అంగిలి క్యాన్సర్లు ఇక్కడ ఎక్కువ కనబడటానికి అదే కారణం. అంగిలిలో మొదలైన క్యాన్సర్ మెడ బిళ్ళలకు, అంటే లింఫ్ గ్రంథులకు, దిగుతుంది. టీబీ కూడా మెడ బిళ్ళలకే దిగుతుంది. బిళ్ళ నడిమధ్య కుళ్ళడం రెండింటిలోనూ జరుగుతుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లో ఆ గడ్డ ఒక నల్లటి ముద్ద, అంతే. ఏ వైపు చచ్చింది, ఏ వైపు బతికుంది అన్నది అందులో తెలియదు. రెండుసార్లూ సూది నడిమధ్యకే వెళ్ళింది. అక్కడ మిగిలింది చావే కాబట్టి రిపోర్టులోనూ చావే వచ్చింది.

మూడోసారి గుచ్చేముందు బుడగలు ఎక్కించి చూద్దామనుకున్నాను. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ అంటే అదే. నా వాదన ముందే చెప్పేస్తాను. చర్మం కింది గడ్డల విషయంలో దీన్ని క్యాన్సరా కాదా తేల్చేసే యంత్రంగా చూపించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇదంతా డబ్బు దండగ అని కొట్టిపారేసేవాళ్ళతోనూ పేచీ ఉంది. బుడగ ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఇక్కడ నెత్తురు ఆడుతోందా లేదా. మనకు కావలసిన ప్రశ్న అదే అయితే దీన్ని మించింది లేదు. వేరే ప్రశ్న పట్టుకుని వెళితే అడ్డదిడ్డంగా చెబుతుంది, మనం దాన్ని జోస్యంలా చదువుకుంటాం.

ఇంతకీ ఈ బుడగ ఏమిటి? చిన్న గాజు వయల్ అడుగున తెల్లటి పొడి, పైనంతా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు. సబ్‌స్టేషన్లలో ఎస్ఎఫ్6 బ్రేకర్లు అంటారే, వాటిలో నిప్పురవ్వను ఆర్పే వాయువు ఇదే. కరెంటాఫీసులో పనిచేసే మా బావకు ఈ సంగతి చెప్పడం నా పొరపాటు. "మా బ్రేకర్ గ్యాసు మనుషులకు ఎక్కిస్తున్నావా" అని రెండు సంక్రాంతులు ఏడిపించాడు. వయల్లో 5 మిల్లీలీటర్ల సెలైన్ పోసి 20 సెకన్లు గట్టిగా కుదిపితే పొడి కలిసిపోయి చిక్కటి బియ్యం కడుగులా అవుతుంది. అందులో కోట్ల బుడగలు. ఒక్కోటి సగటున 2.5 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, ఎర్రకణం దూరగలిగిన ప్రతి సందులోకీ బుడగ దూరిపోతుంది. కానీ రక్తనాళం గోడ దాటి బయటికి రాదు. సీటీ, ఎంఆర్ఐ మందులకు ఈ నిగ్రహం లేదు. అవి నాళాల్లోంచి కారి చుట్టుపక్కల ఇంకిపోతాయి. అందుకే సీటీలో తెల్లబడిన చోటల్లా నెత్తురే ఉందని చెప్పలేం. బుడగ మెరిసిన చోట మాత్రం నెత్తురు ఉన్నట్టే.

ఆ వాయువు రక్తంలో చప్పున కరగదు. పైన కొవ్వు పొర చుట్టి ఉంటుంది. అందువల్ల నాలుగైదు నిమిషాలు నిలబడుతుంది. పొర చితికాక వాయువు ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది. కిడ్నీలకు ఇందులో పనే లేదు. ఉద్దానం మనిషి విషయంలో ఈ ఒక్క వాక్యం విలువ ఎంతో ఆ ప్రాంతపు కిడ్నీ రోగుల్ని చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఆవిడకు ఇదంతా చెప్పి సంతకం తీసుకుంటుంటే అడిగింది: "ఆ బుడగలు నా వొంట్లోనే ఉండిపోతాయేటి?"

"లేదమ్మా, ఊపిరితోపాటు బయటికి పోతాయి."

"అయితే పొగలాగేనన్నమాట."

మెడికల్ కాలేజీలో పిల్లలకు నేనిచ్చే గంట ఉపన్యాసం కంటే ఈ మాట బాగుంది.

దీని చరిత్ర పొడుగు. 1968లో అమెరికాలోని రాచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా అనే ఇద్దరు, గుండె దగ్గరికి పంపిన గొట్టంలోంచి ద్రవం ఎక్కిస్తుంటే ఎకోలో, అంటే గుండె అల్ట్రాసౌండ్‌లో, మబ్బు కమ్మినట్టు కనబడటం గమనించి రాశారు. ద్రవంతోపాటు దొర్లిపోయిన గాలి బుడగలే ఆ మబ్బని తర్వాత తేలింది. అక్కడి నుంచి ఇప్పటి వయల్ యూరప్‌లో అనుమతి పొందేసరికి 2001 వచ్చింది. అదే మందుకు అమెరికాలో, వేరే పేరుతో, 2014 దాకా దారి దొరకలేదు. నాకు ఇంతకంటే ఇష్టమైన ముక్క ఇంకా పాతది. 1933లో మిన్నార్ట్ అనే ఖగోళ శాస్త్రవేత్త పారే నీటి గలగల ఎక్కడి నుంచి వస్తుందా అని ఆరా తీసి, అది బుడగలు మోగే చప్పుడని లెక్కగట్టాడు. బుడగ ఎంత చిన్నదైతే శ్రుతి అంత పైకి. నక్షత్రాలు చూసే మనిషికి సెలయేటి దగ్గర ఏం పని అని అడక్కండి. మా గదిలో జరిగేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. వయల్లోని బుడగలు హాయిగా మోగే శ్రుతి మూడు మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. కాలేయం చూసే ప్రోబ్‌కు, అంటే ఒంటి మీద ఆనించే పరికరానికి, ఇది సరిగ్గా సరిపోతుంది. మెడ, థైరాయిడ్, రొమ్ము, వృషణం, చర్మం కింది గడ్డలు చూసే ప్రోబ్ ఏడు నుంచి పదిహేను, ఒక్కోసారి ఇంకా పైన. ఆ శ్రుతికి స్పందించేవి వయల్లోని బాగా చిన్న బుడగలు మాత్రమే, అంటే కొద్ది భాగం. కాబట్టి అరచేతి లోతున ఉన్న కాలేయం కంటే వేలికొసకు తగిలే గడ్డలో బుడగల్ని చూడటం కష్టం. కాలేయానికి సగం వయల్, 2.4 మిల్లీలీటర్లు చాలు. మెడకు దాదాపు మొత్తం వయల్, 4.8, ఒక్కసారే పోతుంది. కొన్న మిషన్లో పొట్ట ప్రోబ్‌కు కాంట్రాస్ట్ సాఫ్ట్‌వేర్ ఉండి, పైపై గడ్డలు చూసే ప్రోబ్‌కు లేకపోవడం మామూలే. కొనేటప్పుడు ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. తర్వాత దానికి విడిగా కట్టాం.

శబ్దం బలం కూడా తగ్గించాలి. ఆ బలాన్ని చెప్పే మెకానికల్ ఇండెక్స్ 0.1 చుట్టుపక్కల ఉంచకపోతే బుడగలు చూసేలోపే చిట్లిపోతాయి. తగ్గిస్తే బుడగ చిట్లకుండా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఊగుతుంది. ఉబ్బినంత సులువుగా ముడుచుకోదు, అందుకని పంపిన శ్రుతితోపాటు దానికి రెట్టింపు శ్రుతిలోనూ బదులిస్తుంది. కండ, కొవ్వు మాత్రం మనం కొట్టిన దరువునే తిప్పి కొడతాయి. మిషన్ ఆ మామూలు దరువును తీసేసి బుడగ గొంతును మిగుల్చుతుంది. తెర మీద చుట్టూ నలుపు, అందులో మెరిసే చుక్కలు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక టైలర్ వచ్చాడు, చెవి కింద గడ్డతో. బుడగలు ఎక్కించాను. చుట్టూ కండ మెరిసింది, గడ్డ మాత్రం బొగ్గులా ఉండిపోయింది. రక్తప్రసరణ లేదు అని రిపోర్టు మనసులో రాసేసుకున్నాను. పక్కన సిరంజి పట్టుకుని నుంచున్న సిస్టర్ మెల్లిగా అంది: "సార్, చెయ్యి కొంచెం లేపుతారా?" గడ్డ తెరలో నిలకడగా కనబడాలని ప్రోబ్‌ను అదిమి పట్టుకున్నానని అప్పటిదాకా నాకు తోచలేదు. చెయ్యి లేపాను. రెండు సెకన్లలో గడ్డ అంచు నుంచి చుక్కలు చీమల బారులా లోపలికి నడిచాయి. అప్పటికే ఎక్కించినవి సగం చిట్లిపోయాయి, చిత్రం పలచబడింది. రెండో వయల్ డబ్బు నా జేబులోంచి పెట్టాను. కాలేయం మీద ఎంత అదిమినా ఏమీ కాదు, పక్కటెముకలు కాపాడతాయి. చర్మం కింది గడ్డలో కేశనాళికలు వేలి బరువుకే మూసుకుపోతాయి. అప్పటి నుంచి అట్ల పిండి పోసినట్టు మందంగా జెల్ పోసి, ప్రోబ్‌ను దాని మీద తేలేటట్టు పట్టుకుంటాను. ఎవరైనా కొత్త పిల్లలు నేర్చుకోవడానికి వస్తే బుడగల సంగతి తర్వాత, ముందు చెయ్యి తేల్చడం నేర్పిస్తాను.

ఇప్పుడు పేచీకి వస్తాను. సదస్సులకు వెళితే కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ మీద స్లైడ్లు రంగురంగులుగా ఉంటాయి. గడ్డ మెరిసింది, త్వరగా వెలిసింది, కాబట్టి చెడ్డది. వినడానికి బాగుంటుంది. ఈ త్వరగా మెరిసి త్వరగా వెలవడం అనే వ్యాకరణం కాలేయానిది. కాలేయానికి రెండు దారుల్లో నెత్తురు వస్తుంది, ధమనిలోంచి కొంత, పోర్టల్ సిరలోంచి ఎక్కువ. రెండూ వేర్వేరు సమయాల్లో చేరతాయి. క్యాన్సర్ ధమని మీదే బతుకుతుంది కాబట్టి పక్కనున్న కాలేయం ఇంకా మెరుస్తుండగా అది ముందే వెలిసిపోతుంది. ఆ తేడా మీద ఎన్నో ఏళ్ళ అనుభవం పోగై నియమాలు పుట్టాయి. మెడ బిళ్ళకు రెండో దారి ఏది? థైరాయిడ్‌కు ఏది? ధమనుల దారి ఒక్కటే, ఒకటే మెరుపు, ఒకటే వెలుపు. కాలేయపు వ్యాకరణం పట్టుకొచ్చి మెడను చదివితే అరవం అక్షరాలతో తెలుగు చదివినట్టుంటుంది. సగం అక్షరాలు పోల్చుకుంటాం, మిగతాది ఊహ.

బిళ్ళల్లో నమ్మదగ్గ గుర్తులు లేకపోలేదు. ఆరోగ్యంగా ఉన్న బిళ్ళకు నడుమనున్న తొడిమ దగ్గర నెత్తురు వచ్చి బయటికి పరుచుకుంటుంది, వేరు నుంచి కొమ్మల్లోకి నీరెక్కినట్టు. క్యాన్సర్ చేరిన బిళ్ళలో తరచు అంచుల నుంచి లోపలికి వస్తుంది, మధ్యమధ్య నల్లటి ఖాళీలు మిగులుతాయి. టీబీ బిళ్ళలో అంచు ఉంగరంలా మెరిసి లోపల నలుపు ఉండిపోతుంది. బాగానే ఉంది. కానీ క్యాన్సర్ బిళ్ళ లోపల కుళ్ళితే? అదీ ఉంగరమే. ఈ ఉంగరానికీ ఆ ఉంగరానికీ తేడా చెప్పగలనని ఎవరైనా నాతో అంటే, వాళ్ళ ఊళ్ళో టీబీ తక్కువని అర్థం చేసుకుంటాను.

మళ్ళీ ఆవిడ దగ్గరికి. ముంజేతిలో 20 గేజ్ క్యాన్యులా పెట్టాం. సన్నటి సూదిలోంచి బలంగా నెడితే బుడగలు అక్కడే చితుకుతాయి, అందుకని కాస్త లావుది. మందు, వెనకే సెలైన్. తెర మీద గడియారం పదమూడు చూపించినప్పుడు మెడ ధమని మెరిసింది. తర్వాత కండ. గడ్డలో నూటికి ఎనభై పాళ్ళు కదలని నలుపు. పైవైపు, దవడ ఎముకను ఆనుకుని, నెలవంక ఆకారంలో ఒక పలచటి పట్టీ మాత్రం మెరిసింది. నాలుగైదు మిల్లీమీటర్ల మందం. మామూలు చిత్రంలో ఆ చోటికీ మిగతా గడ్డకూ ఆవగింజంత తేడా లేదు. నెత్తురు కదలికను రంగుల్లో చూపించే డాప్లర్‌లోనూ అక్కడ ఒక్క చుక్క కనబడలేదు.

సూదిని దవడ వెంబడి వాలుగా ఆ నెలవంకలోకే పంపాను. ఈసారి ఎఫ్ఎన్ఏసీ సూది కాదు, చిన్న ముక్కే తీసే కోర్ బయాప్సీ సూది. "అయిపోనాదా?" అంది. అయిపోయింది. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది: స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే క్యాన్సరే. ఆ తర్వాత ఈఎన్‌టీ డాక్టరు మత్తిచ్చి వెతికితే అంగిలి వెనక మడతలో పప్పుగింజంత పుండు దొరికింది. అప్పటికి ఆవిడ టీబీ మాత్రలు మొదలుపెట్టి ఆరు వారాలైంది.

మా సర్జన్ మిత్రుడొకడు ఈ కథ విని కూడా కరగలేదు. వాడి అభ్యంతరాలు మూడు. డాప్లర్ ఉండగా ఇదెందుకు? ఎలాగూ బయాప్సీ చేస్తారు కదా, వేలు పోసి వయల్ ఎందుకు? ఏదైనా తేడా చేస్తే?

మొదటిదానికి జవాబు పైనే ఉంది. డాప్లర్ కాస్త పెద్ద నాళాలను, కాస్త వేగమున్న నెత్తురును పట్టుకుంటుంది. కేశనాళికల్లో పాకే నెత్తురు దాని లెక్కలోకి రాదు. కొత్త మిషన్లలో మందు ఎక్కించకుండానే సన్న నాళాలు చూపించే మోడ్‌లు వచ్చాయి, అది ఒప్పుకోవాలి. నేను ముందు అదే వేసి చూస్తాను. అందులో బతికున్న మూల కనబడితే వయల్ విప్పను. మూడోదానికి: ఇటలీలో 23,188 పొట్ట పరీక్షల లెక్క 2006లో ప్రచురించారు, తీవ్రమైన ఇబ్బంది ఇద్దరికి వచ్చింది, ఎవరూ చనిపోలేదు. అమెరికాలో గుండె రోగుల్లో కొన్ని మరణాలు చూసి 2007లో ఈ జాతి మందులకు నల్ల గడి హెచ్చరిక, అంటే లేబుల్ మీద వేసే అన్నిటికంటే గట్టి హెచ్చరిక, పెట్టారు, మరుసటి ఏడాదే సడలించారు. ఎలర్జీ ఎవరికైనా రావచ్చు. అందుకే పక్కన దానికి విరుగుడైన ఎడ్రినలిన్ లేకుండా నేను వయల్ కుదపను. మెడ బిళ్ళలకు వాడటం మందు లేబుల్ మీద రాసిన పని కాదు కాబట్టి, ఆ సంగతి కూడా చెప్పి సంతకం తీసుకుంటాను.

రెండోది, డబ్బు, కాస్త బలమైన అభ్యంతరమే. ప్రతి గడ్డకూ బుడగలు ఎక్కిస్తే నేనే సర్జన్ పక్షాన నిలబడతాను. వీపు మీద మెత్తటి కొవ్వు గడ్డకు ఎందుకు? ఓ బట్టల షాపాయన "ఆ కొత్త బుడగల టెస్టు కూడా చేసెయ్యండి, డబ్బుకు చూడకండి" అని కూర్చున్నాడు. చెయ్యలేదు. రెండు రోజుల తర్వాత ఇంకెక్కడో చేయించుకుని రిపోర్టు నాకు వాట్సాప్‌లో పంపాడు. కొవ్వు గడ్డే. థైరాయిడ్ గడ్డలదీ అదే కథ. 2017లో అమెరికన్ రేడియాలజిస్టుల సంస్థ ఇచ్చిన టీ-రాడ్స్ పట్టికలో గడ్డ దేనితో నిండింది, ఎంత నల్లగా ఉంది, ఆకారం, అంచు, సున్నపు చుక్కలు, వీటికే మార్కులు. నెత్తురు ఎంత ఆడుతోందన్నదానికి ఒక్క మార్కూ లేదు. మార్కు లేని ప్రశ్నకు వేలు పెట్టి జవాబు కొనడం నాకు మింగుడు పడదు. అదే థైరాయిడ్ గడ్డను రేడియో తరంగాలతో కాల్చాక, పూర్తిగా కాలిందా, ఏ మూలైనా మిగిలిందా అని చూడాలంటే బుడగను మించింది లేదు. అప్పుడు ప్రశ్న మారింది కదా.

నెత్తురుందా లేదా అన్నదే మొత్తం ప్రశ్న అయిన చోటు ఒకటుంది. వృషణం. అక్కడ అనుమానం వస్తే సూది గుచ్చి చూసే ఆచారం లేదు, క్యాన్సర్ అయితే సూది దారిలో చిమ్ముతుందన్న భయం. అనుమానం బలపడితే తీసెయ్యడమే. పడవ మీద పనిచేసే కుర్రాడొకడు, పెళ్ళి కుదిరినవాడు, ఉన్నట్టుండి నొప్పితో ఎక్కడో చూపించుకుంటే కణితి అనుమానం, తీసెయ్యాలి అని రాసిచ్చారు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకుని వచ్చాడు. వెంట వచ్చిన మేనమామకు కూడా చూపించలేదు. కణితి ఉంటే రక్తంలో తరచు పెరిగే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ మామూలుగా ఉన్నాయి. బుడగలు ఎక్కిస్తే నల్ల మచ్చలోకి ఒక్కటీ పోలేదు. చుట్టూ సన్నటి మెరిసే గీత. నెత్తురందక ఓ ముక్క చచ్చిపోయిన లక్షణం అది. కణితి అయితే దాదాపు ఎప్పుడూ ఎంతోకొంత మెరుస్తుంది. యూరప్ అల్ట్రాసౌండ్ సమాఖ్య మార్గదర్శకాలు కూడా ఈ వాడకాన్ని ఒప్పుకుంటాయి. ప్రోబ్ అదిమానేమోనని రెండుసార్లు చెయ్యి లేపి చూసుకున్నాను. మూడు వారాలకు మచ్చ సగానికి తగ్గింది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు కూడా మేనమామ వెంటే ఉన్నాడు, కుర్రాడు నన్ను కళ్ళతోనే బతిమాలాడు. నేను వాళ్ళ దూరపు చుట్టాన్నన్నట్టు పలకరించి పంపించాను.

నా వాదనకు అడ్డం వచ్చే సంగతి ఒకటుంది, దాచడం ఎందుకు. ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టన్ డాక్టర్లు రొమ్ము క్యాన్సర్‌లో ఈ బుడగల్ని నరంలోకి కాకుండా చనుమొన పక్కన చర్మంలోకి ఎక్కించారు. అవి లింఫ్ నాళాల వెంబడి నడిచి చంకలో మొదటి బిళ్ళ ఏదో చూపించాయి. అక్కడ నెత్తురు ఊసే లేదు, బుడగ దారి చూపించే కుర్రాడి పనిలో ఉంది. చూపించాక ఆ బిళ్ళలోకి పంపేది మాత్రం మళ్ళీ సూదే.

మొన్న వేసవిలో నర్సింగ్ చదివే అమ్మాయి వచ్చింది, మెడలో బిళ్ళలతో, సాయంత్రం జ్వరాలతో. ఉద్దానం ఆవిడలాగే రెండుసార్లు గుచ్చించుకుని వచ్చింది. బుడగలు ఎక్కిస్తే అచ్చం అలాంటి ఉంగరమే. ఈసారి నాకు రెండూ కావాలి. మెరిసే అంచులోంచి ఒక ముక్క తీసి పాథాలజీకి పంపాను. తర్వాత అదే రంధ్రం గుండా ఇంకో సూదిని, కావాలనే, నల్లటి నడిమధ్యకు దించాను. పసుపుపచ్చటి చిక్కటి చీము సిరంజిలోకి వచ్చింది. టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు అదే కావాలి. "అంత చీముందా సార్ నా మెడలో" అని సిరంజి వంక చూసి, వెంటనే సిస్టర్‌ని అడిగింది: "దీన్ని ఫాల్కన్ ట్యూబులో పంపాలా అక్కా, సిరంజితోనే పంపొచ్చా?"